ఖాళీ పురుగుమందు డబ్బాలు: కడప సున్నపురాతి నేలల్లో సురక్షిత నిర్మూలన

సస్యరక్షణ సిఫారసు దాదాపు ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతుంది. మందు పేరు, మోతాదు, కలపవలసిన నీరు, పిచికారీ సమయం, మందు కొట్టిన తర్వాత కోత వరకు పాటించవలసిన విరామం చెప్పి ముగుస్తుంది. పంపు ఖాళీ అయ్యాక రైతు చేతిలో మిగిలే డబ్బా సంగతి అందులో ఉండదు. వైఎస్సార్ కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఆ డబ్బా చేరే చోట్లు వ్యవసాయ విస్తరణ సిబ్బందికి కొత్తవి కావు: పొలం గట్టు, కాలువ ఒడ్డు, బోరు పక్కన తుప్ప, కొట్టంలోని గూడు, లేదా పాత సామాను కొనేవారి సంచి. కొన్ని డబ్బాలు ఇంట్లోకే తిరిగి వస్తాయి. గట్టి ప్లాస్టిక్, బిగుతైన మూత, పట్టుకోవడానికి అనువైన ఆకారం గల డబ్బాను పారవేయడానికి పొదుపరి ఇంటికి మనసొప్పదు. అది డీజిల్‌కో, విత్తనాలకో, కొన్నిసార్లు తాగునీటికో ఉపయోగపడుతుంది.

ఈ మూడు ప్రాంతాల పంటలు వేరు, మందుల వాడకం తీరు వేరు. కె.సి. కాలువ నీరు అందే ప్రొద్దుటూరు పరిసరాల్లో వరి, పసుపు, పత్తి సాగవుతాయి. జమ్మలమడుగు, పెద్దముడియం, మైలవరం వైపు నల్లరేగడిలో రబీ శనగ ప్రధానం. శనగపచ్చ పురుగు కనిపించిన కొద్ది వారాల్లోనే మందులన్నీ ఖర్చవుతాయి. పులివెందులలో చీనీ, అరటి తోటలకు ఏడాదిలో ఏదో ఒక పిచికారీ సాగుతూనే ఉంటుంది. డబ్బాల పరిమాణం కూడా మారింది. క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. వంటి మందు ఎకరాకు 60 మి.లీ. చాలు. మందు తగ్గింది, సంతోషించవలసిన మార్పే. కానీ చిన్న సీసాల సంఖ్య పెరిగింది. చిన్న సీసాను ఎవరూ కడగరు. జేబులో పట్టే వస్తువు గనుక ఇల్లు చేరడం కూడా సులభమే.

చట్టం దృష్టిలో ఇది పొలం చెత్త మాత్రమే కాదు. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు గృహ ప్రమాదకర వ్యర్థాలను నిర్వచించినప్పుడు రంగుల డబ్బాలు, ట్యూబులైట్లు, కాలం చెల్లిన ఔషధాలు, పగిలిన పాదరసపు థర్మామీటర్లు, వాడిన బ్యాటరీలు, సూదులతో పాటు పురుగుమందు డబ్బాలను కూడా పేర్కొన్నాయి. పట్టణంలో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని అవే నియమాలు నిర్దేశించాయి. రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న ప్రారంభమైన క్లాప్ కార్యక్రమం పట్టణ గృహాలకు మూడు రంగుల బుట్టలు ఇచ్చి, ప్రమాదకర వ్యర్థాలకు ఎరుపు బుట్టను కేటాయించింది. అయితే పురుగుమందు డబ్బా పుట్టేది పట్టణ వీధిలో కాదు. ఎర్ర బుట్ట ఉన్న ఇంట్లో మందు డబ్బా ఉండదు. మందు డబ్బా ఉన్న ఇంటికి ఎర్ర బుట్ట రాదు.

డబ్బా ఇంట్లోకి తిరిగి వస్తే ఏమవుతుందో 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామం చూసింది. మధ్యాహ్న భోజనం తిన్న పాఠశాల పిల్లలలో 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. పురుగుమందు ఉండిన డబ్బాలో ఆ నూనెను నిల్వ చేశారని అధికారులు తెలిపారు. మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్. అప్పటికి పత్తి రైతులకు చిరపరిచితమైన మందు.

మూడుసార్లు కడగడం వెనుక లెక్క

'మూడుసార్లు కడగండి' అనే సలహా అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది, అనేక లేబుళ్ల మీద ఉంది, శిక్షణ తరగతుల్లోనూ వినిపిస్తుంది. మూడుసార్లే ఎందుకో మాత్రం అరుదుగా వివరిస్తారు. కారణం తెలియని సలహాను రైతు ఒక్కసారి కడగడంతో సరిపెట్టుకుంటే తప్పుపట్టలేము.

ఒక లీటరు డబ్బాను పూర్తిగా వంపిన తర్వాత గోడలకు అంటుకొని 10 మి.లీ. మందు మిగిలిందనుకుందాము. 250 మి.లీ. నీరు పోసి, కుదిపి, వంపితే మళ్ళీ 10 మి.లీ. ద్రవమే మిగులుతుంది, అయితే అందులో అసలు మందు 0.38 మి.లీ. మాత్రమే. రెండవసారికి అది 0.015 మి.లీ.కు, మూడవసారికి 0.0006 మి.లీ.కు దిగుతుంది. అదే 750 మి.లీ. నీటిని ఒకేసారి పోసి కడిగితే మిగిలే మందు 0.13 మి.లీ. ఖర్చయిన నీరు ఒకటే, ఫలితంలో తేడా రెండు వందల రెట్లకు మించినది. ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి చూపడానికి ఐదు నిమిషాలు చాలు. రంగు నీళ్లతో రెండు సీసాలు కడిగి చూపితే లెక్క కూడా అక్కరలేదు.

ఇక్కడ సమయం కీలకం. మందు కలిపే వేళలోనే, పంపులో నీరు పూర్తిగా నింపకముందే డబ్బాను వంచి, చుక్కలు ఆగే వరకు దాదాపు అర నిమిషం పట్టుకోవాలి. నాలుగోవంతు నీరు పోసి, మూత బిగించి, మరో అర నిమిషం అన్ని వైపులా కుదిపి, ఆ కడుగు నీటిని పంపులోనే పోయాలి. ఇలా మూడుసార్లు చేయాలి. సాయంత్రం ఇంటికి వెళ్లాక కడగవచ్చని వాయిదా వేస్తే మందు గోడలకు ఎండిపోయి సులభంగా వదలదు. అంతకంటే ముఖ్యం, పొలంలో పంపులోకి పోవలసిన కడుగు నీరు ఇంటి దగ్గర మురుగు కాలువలోకి పోతుంది. రైతు కొన్న మందులో కొంత వృథా కావడం మరో నష్టం. చేతి తొడుగులు, ముఖానికి రక్షణ మందు కలిపేటప్పుడు ఎంత అవసరమో కడిగేటప్పుడూ అంతే అవసరం.

కాలువలో కడగడం ఎంత ప్రమాదమో కూడా లెక్కతోనే చెప్పవచ్చు. సైపర్‌మెత్రిన్ చేపలకు లీటరు నీటిలో కొద్ది మైక్రోగ్రాముల స్థాయిలోనే ప్రాణాంతకం. 25 శాతం ఇ.సి. డబ్బాలో మిగిలే 10 మి.లీ.లో రెండు గ్రాములకు పైగా అసలు మందు ఉంటుంది. రెండు గ్రాములు 4 లక్షల లీటర్లలో సమంగా కలిసినా లీటరుకు 5 మైక్రోగ్రాములు వస్తుంది. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు గల కుంటలో పట్టే నీరు అది. నిజమైన కుంటలో మందు కొంత బురదకు అంటుకుంటుంది కనుక ప్రభావం ఇంత సూటిగా ఉండదు; కానీ కడిగే డబ్బా ఒక్కటే ఉండదు కూడా.

కడిగిన డబ్బాకు అడుగున, పక్కన రంధ్రాలు చేయాలి. మళ్ళీ వాడకుండా చేసే పని ఇదే. మూడుసార్లు కడిగిన డబ్బా కూడా నీటికీ, నూనెకూ, ఉప్పుకూ పనికిరాదు. కొన్ని మందులను ప్లాస్టిక్ తనలోకి పీల్చుకొని తర్వాత నెమ్మదిగా వదులుతుంది.

పూడ్చివేత ఇక్కడ ఎందుకు సరిపడదు

1971 క్రిమిసంహారక మందుల నియమాలలో 44వ నియమం ఈ విషయానికే సంబంధించినది. వాడిన ప్యాకింగులను, మిగిలిన మందును, కడుగు నీటిని పర్యావరణానికీ నీటికీ హాని కలగకుండా నిర్మూలించడం ఉత్పత్తిదారుల, ఫార్ములేటర్ల, పిచికారీ నిర్వాహకుల విధి అని అది చెబుతుంది. డబ్బాలను బయట వదలరాదు. పగలగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలి. అర్ధ శతాబ్దం క్రితం, రేకు డబ్బాలు, గాజు సీసాలు ఎక్కువగా ఉన్న కాలంలో ఈ నియమం సహేతుకమే. రేకు తుప్పు పట్టి మట్టిలో కలుస్తుంది. నేటి హెచ్.డి.పి.ఇ. డబ్బా ఒక రైతు జీవితకాలంలో మట్టిలో కలవదు.

పైగా నేల స్వభావాన్ని చూడాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు పరిసరాల కింద ఉన్నది కర్నూలు సముదాయానికి చెందిన నార్జి సున్నపురాయి. ఇళ్లలో పరిచే కడప బండలు ఈ ప్రాంతపు సున్నపురాతి పొరల నుంచి వచ్చినవే. పులివెందుల, వేంపల్లె వైపు వేంపల్లె శ్రేణి డోలమైటు, సున్నపురాయి ఉన్నాయి. బండలు పొరలుగా విడిపోయే ఈ రాతిలో నెర్రెలు ఎక్కువ. వాన నీరు ఇసుకలో వలె వడపోత జరుగుతూ నెమ్మదిగా దిగదు. నెర్రె దొరికిన చోట నేరుగా లోపలికి పోతుంది. రాతి మీద నల్లరేగడి ఉన్న చోట వేసవిలో ఆ మట్టే పగుళ్లు తీస్తుంది. తొలకరి వానకు ఆ పగుళ్లే దారులు. బోరు నీటి మీద ఆధారపడిన తోటల ప్రాంతంలో ప్రతి రైతూ తన గట్టు కింద గొయ్యి తీసి డబ్బాలు పూడ్చితే, అవి భూగర్భ జలానికి చేరువగా పెట్టిన చిన్న చిన్న విషపు నిల్వలు అవుతాయి. కడగని డబ్బాల విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది.

గట్టు మీద కాల్చడం ఇంకా చెడ్డ మార్గం. బహిరంగ మంటలో ఉష్ణోగ్రత తక్కువ, ఒకే తీరుగా ఉండదు. క్లోరిన్ గల మందులు, పి.వి.సి. ముక్కలు అలాంటి మంటలో పడితే డయాక్సిన్ల వంటి స్థిరమైన విషాలు ఏర్పడతాయి. పొగ పీల్చేవారు సాధారణంగా ఆ మంట వేసిన మహిళలు, పక్కన ఆడుకునే పిల్లలు.

సున్నపురాయి ఉన్న చోటే బట్టీ

పూడ్చివేతకు అడ్డొచ్చిన రాయే మరో దారి చూపుతోంది. ఎర్రగుంట్ల, చిలంకూరు, కమలాపురం మండలం నల్లలింగాయపల్లె, జమ్మలమడుగుకు సమీపంలోని మైలవరం మండలం, ఇవన్నీ సిమెంటు కర్మాగారాలు వెలసిన చోట్లు. సిమెంటు బట్టీలో పదార్థపు ఉష్ణోగ్రత 1,450 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ప్రధాన జ్వాల 2,000 డిగ్రీల దాకా ఉంటుంది. వాయువులు అధిక ఉష్ణోగ్రతలో కొన్ని సెకన్ల పాటు నిలుస్తాయి. పురుగుమందు అణువు విచ్ఛిన్నం కావడానికి అది చాలు. ఏర్పడిన ఆమ్ల వాయువులను బట్టీలోని సున్నమే పీల్చుకుంటుంది. బూడిద మిగలదు, క్లింకర్‌లో కలిసిపోతుంది. హెచ్.డి.పి.ఇ. ప్లాస్టిక్ కిలోకు సుమారు 10,000 కిలోకేలరీల వేడినిస్తుంది. బొగ్గు కంటే చాలా ఎక్కువ.

ఈ పద్ధతికి చట్టబద్ధత ఉంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాలు సహదహనాన్ని గుర్తించాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2017 జూలైలో సిమెంటు కర్మాగారాల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. రాష్ట్రంలోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం విశాఖపట్నం దగ్గర పరవాడలో ఉంది. పులివెందుల డబ్బాను రాష్ట్రం ఆ మూలకు పంపే ఖర్చుతో పోలిస్తే ముద్దనూరు మీదుగా ఎర్రగుంట్లకు చేర్చడం పెద్ద పని కాదు. ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల 20 కిలోమీటర్ల లోపే.

అయితే బట్టీ చెత్తకుండీ కాదు. ఏ బట్టీ అయినా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందిన వ్యర్థాన్నే, పరీక్షించి, ముక్కలు చేసి, నిర్ణీత పాళ్లలో తీసుకుంటుంది. క్లోరిన్ ఎక్కువైతే బట్టీ పైభాగాన గడ్డలు కట్టి ఉత్పత్తి నిలిచిపోతుంది. ఎండోసల్ఫాన్ బరువులో సగానికి పైగా క్లోరినే. కాబట్టి మూడుసార్లు కడిగిన డబ్బా రైతు ఆరోగ్యానికే కాక బట్టీ నిర్వాహకునికీ అవసరం. పాదరసం ఉన్న ట్యూబులైట్లు, థర్మామీటర్లు ఈ సంచిలో చేరకూడదు. పాదరసం వేడికి ఆవిరై పొగ గొట్టం నుంచి బయటికి పోతుంది. అదే ఇంటి ప్రమాదకర వ్యర్థాలే అయినా వాటి దారి వేరు.

బ్యాటరీ తిరిగి వస్తుంది, డబ్బా రాదు

ఇప్పుడు లోపించినది పరిజ్ఞానం కాదు, గ్రామం నుంచి బట్టీ వరకు ఉండవలసిన గొలుసు. దీనికి ఒక పోలిక ప్రతి ఎరువుల అంగడిలోనూ కనిపిస్తుంది. బ్యాటరీ స్ప్రేయరు వాడే రైతు పాడైన సీసపు బ్యాటరీని పారవేయడు. కొత్తది కొనేటప్పుడు పాతదానికి విలువ కడతారు గనుక జాగ్రత్తగా అంగడికి తెస్తాడు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఆ సేకరణను ఉత్పత్తిదారుని బాధ్యతగా చేశాయి. సీసం ఎంత విషమో రైతుకు తెలిసి బ్యాటరీ తిరిగి రావడం లేదు; ధర ఉన్నందువల్ల వస్తోంది. ఖాళీ డబ్బాకు ధర కట్టేవాడు పాత సామాను వ్యాపారి ఒక్కడే. అతని దగ్గర అది పాల డబ్బాలు, బకెట్లతో కలిసి కరిగిపోతుంది. ఆ ప్లాస్టిక్ రేపు ఏ వస్తువుగా తిరిగి వస్తుందో చెప్పలేము.

బ్రెజిల్ 2000లో చేసిన 9,974వ చట్టంతో ఈ గొలుసును కట్టింది. రైతు కడిగి, రంధ్రం చేసి, కొన్న ఏడాదిలోపు తిరిగి ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో అమ్మకందారు రసీదుపై రాయాలి. అక్కడి నుంచి తరలింపు ఖర్చు పరిశ్రమది. 2002లో పని మొదలుపెట్టిన ఇన్‌పెవ్ సంస్థ ద్వారా ప్లాస్టిక్ డబ్బాలలో 90 శాతానికి పైగా వెనక్కి వస్తున్నాయి. వాటిని ఆహార వస్తువులకు సంబంధం లేని కేబుల్ గొట్టాల వంటి వాటికీ, కొత్త మందు డబ్బాలకూ వాడతారు. ఈ నమూనాను కడపకు యథాతథంగా తేవాలనుకోవడం తొందరపాటు. అక్కడ పెద్ద కమతాలు, పెద్ద డబ్బాలు. ఇక్కడ రెండు మూడు ఎకరాల రైతు, 60 మి.లీ. సీసా. ఏడాదికి నాలుగైదు చిన్న సీసాల కోసం ఎవరూ మండల కేంద్రానికి ప్రయాణించరు.

మనకు దగ్గరి ఉదాహరణ తమిళనాడులో ఉంది. నీలగిరి కొండల్లో మద్యం సీసాలు అడవుల్లో పేరుకుపోవడంతో మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు 2022లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకొని, ఖాళీ సీసా ఇస్తే తిరిగి ఇచ్చే పద్ధతి మొదలైంది. మద్యానికి సాధ్యమైనది పురుగుమందుకు అసాధ్యమేమీ కాదు. పురుగుమందును లైసెన్సు గల అంగళ్లు మాత్రమే బిల్లుతో అమ్మాలి గనుక జాడ పట్టడం ఇంకా సులభం. ప్లాస్టిక్ ప్యాకింగుపై ఉత్పత్తిదారుల బాధ్యతను 2022 ఫిబ్రవరి మార్గదర్శకాలు ఎలాగూ స్థిరపరచాయి. సేకరణకు గ్రామంలో చోటు కూడా ఉంది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ప్రస్తుతం రైతు సేవా కేంద్రాలుగా పిలువబడుతున్నవి రాష్ట్రంలో 10 వేలకు పైగా ఉన్నాయి. విత్తనం, ఎరువు ఇచ్చే చోటే తాళం గల ఇనుప వల పెట్టె ఒకటి ఉంచవచ్చు. ఊటుకూరులోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలకు, విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమానికి ఇది తగిన ప్రయోగ విషయం: ఒక గ్రామంలో ఒక పంటకాలంలో ఎన్ని డబ్బాలు వచ్చాయి, ఎన్ని కడిగి వచ్చాయి, ఎన్నింటికి మూత లేదు అని లెక్కపెట్టడం. ఆ లెక్క లేకుండా ఏ బట్టీతోనూ ఒప్పందం మాట్లాడలేము.

కడగలేనివి

పొడి మందుల సంచులు, గుళికల పొట్లాలు, అనేక పొరల రేకు కవర్లు కడగడానికి వీలుకావు. వాటిని మందు కలిపేటప్పుడే పూర్తిగా దులిపి, విడిగా సంచిలో చేర్చాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది శనగ నిల్వలో పుచ్చు పురుగుకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడు. మూడు గ్రాముల బిళ్ల గాలిలోని తేమతోనే ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. శిక్షణ పొందిన, అనుమతి గల వారి చేతుల్లోనే ఉండవలసిన ఈ బిళ్లలు నివాసం ఉండే ఇంటి గదిలోని బస్తాల మధ్య ఉండరాదు. వాడిన తర్వాత మిగిలే బూడిద రంగు పొడిలో కూడా చర్య జరగని మందు కొంత ఉంటుంది. దాన్ని మూసిన డబ్బాలో, కవరులో వేసి ఇంట్లో ఉంచితే వాయువు లోపలే పేరుకుంటుంది. ధూమకరణ చేసినవారే దాన్ని ఆరుబయట, లేబుల్ సూచనల ప్రకారం నిర్వీర్యం చేయాలి.

చివరగా అటక మీది పాత మందులు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే 13న నిలిపివేసింది. 2018 ఆగస్టు ఉత్తర్వుతో 18 మందులు నిషేధానికి గురయ్యాయి; వాటిలో ఫోరేట్, ట్రయాజోఫాస్, డైక్లోర్‌వాస్ వంటివి 2020 డిసెంబరు 31తో ఆగిపోయాయి. నిషేధం అమ్మకాన్ని ఆపుతుంది, అప్పటికే కొన్న డబ్బాను కాదు. భోపాల్ పురుగుమందుల కర్మాగారంలో మిగిలిన 337 టన్నుల వ్యర్థం పీతంపూర్‌లో దహనమైనది 2025లో, దుర్ఘటన జరిగిన నాలుగు దశాబ్దాలకు. ఒక కర్మాగారపు వ్యర్థానికే అంత కాలం పట్టినప్పుడు, వేల ఇళ్ల కొట్టాల్లో చెదిరి ఉన్న అర డబ్బాల లెక్క ఎవరి దగ్గరా లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇటువంటి మందును పొలంలో చల్లి వదిలించుకోరాదు, ఒకదానితో ఒకటి కలపరాదు, వేరే సీసాలోకి మార్చరాదు. లేబుల్ చెరగకుండా అసలు డబ్బాలోనే, కారితే పీల్చుకోవడానికి ఇసుక పోసిన తొట్టెలో నిలబెట్టి, పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచి, సేకరణ రోజున అప్పగించాలి.

సేకరణ రోజులు ఊరి పంటను బట్టి ఉండాలి. జమ్మలమడుగు శనగ గ్రామాల్లో పిచికారీలు ముగిసి, కోత పనులు ఇంకా ఊపందుకోని జనవరిలో ఒక్కరోజు సరిపోతుంది. ప్రొద్దుటూరు కాలువ కింది ఊళ్లకు వరి, పత్తి పిచికారీల చివర ఒకసారి, పసుపు తవ్వే ముందు మరొకసారి. పులివెందుల చీనీ, అరటి తోటలకు అలాంటి విరామం దొరకదు కనుక నెలకోసారి వాహనం రావాలి. అరటి గెలలకు తొడిగే పాత కవర్లను, డ్రిప్పు గొట్టాల ముక్కలను అదే రోజున, కానీ వేరే సంచుల్లో తీసుకోవాలి.